విడిది హక్కుల క్రయవిక్రయం: పాయింట్ల పద్ధతి

ఇల్లు కొన్నవాడు ఇంటిని కొన్నాడు. అద్దెకు దిగినవాడు ఆ ఇంట్లో నివసించే ప్రయోజనాన్ని కొంతకాలానికి కొన్నాడు. ఈ రెంటికీ గల తేడా చదువురాని వారికి సైతం తెలుసు. అయితే గత అరవై సంవత్సరాలలో వ్యాపార ప్రపంచం మూడవ రకాన్ని ఒకదాన్ని సృష్టించింది. ఇందులో కొనుగోలుదారు ఇంటినీ కొనడు, ఫలానా ఇంట్లో ఫలానా రోజులు ఉండే హక్కునూ కొనడు. ఏటా తన పేరిట జమ అయ్యే కొన్ని అంకెలను కొంటాడు. ఆ అంకెలను చెల్లించి సముద్రతీరానో, కొండ మీదనో, కంపెనీకి చెందిన ఏదో ఒక విడిదిలో కొన్ని రాత్రులు గడుపుతాడు. ఈ అంకెలనే పాయింట్లు అంటున్నారు.

హైదరాబాదు వంటి నగరాల్లో పెద్ద దుకాణ సముదాయాల ముంగిట పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, మరునాడు 'మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ కలిసి రండి' అని హోటలుకు పిలవడం చాలామందికి అనుభవమే. అక్కడ రెండు మూడు గంటలపాటు చిత్రాలు చూపి, లెక్కలు చెప్పి, 'ఈ ధర ఈరోజుకే' అని సంతకం చేయిస్తారు. ఇటువంటి సభ్యత్వం ధర్మసమ్మతమా కాదా అని ఉలమాలను అడిగేవారున్నారు. కాని ఒక విషయంపై తీర్పు ఆ విషయ స్వరూపాన్ని గ్రహించిన తరువాతనే పుడుతుందన్నది ఉసూల్ పండితులు అంగీకరించిన సూత్రం. సంతకం చేసినవారిలో ఎక్కువమందికి తాము కొన్నదేమిటో తెలియదు. అమ్మినవారిలో కొందరికి కూడా తెలియదు. గనుక మొదట స్వరూపం చూడాలి.

వారం నుండి పాయింటు వరకు

ఈ వ్యాపారం ఐరోపాలో పుట్టింది. 1960 దశకంలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో, సూపర్‌దెవొలూయ్ అనే చోట ఒక విడిదిలో గదులను వారాల చొప్పున అమ్మడం మొదలయింది. ఒక గదికి ఏడాదిలో 52 వారాలు. మరమ్మతులకు ఒకటి రెండు వారాలు విడిచిపెట్టి తక్కిన వాటిని తలా ఒకటి చొప్పున యాభై మందికి అమ్మవచ్చు. కొన్నవాడు ఏటా అదే వారం, అదే గదికి వచ్చి ఉంటాడు. దీనినే టైమ్‌షేర్ అన్నారు. కాలవాటా అని తెలుగులో చెప్పుకోవచ్చు.

ఈ పద్ధతిలో కొనుగోలుదారు పొందేది స్పష్టంగా ఉంది. ఇబ్బంది కూడా స్పష్టంగానే ఉంది. పిల్లల పరీక్షలు ఆ వారంలోనే పడవచ్చు. ఏటా అదే ఊరు చూసి విసుగెత్తవచ్చు. మొదటి పరిష్కారంగా వారాలను ఒకరితో ఒకరు మార్చుకునే ఏర్పాటు వచ్చింది. 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. సంస్థ, 1976లో ఇంటర్వల్ ఇంటర్నేషనల్ ఈ మార్పిడి కోసమే ఏర్పడ్డాయి. కాని ఒకరి దగ్గర డిసెంబరు చివరి వారం సముద్రతీరంలో రెండు పడకగదుల ఇల్లు, మరొకరి దగ్గర వానాకాలంలో చిన్న గది ఉంటే, ఈ రెంటినీ సమానంగా ఎలా మార్చడం? ధాన్యాన్ని, ఉప్పును మార్చుకునేవారికి నాణెం ఎలా అవసరమైందో, వారాలను మార్చుకునేవారికీ ఒక కొలమానం అలాగే అవసరమైంది. పాయింటు ఆ నాణెం.

నిజానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1963లో స్విట్జర్లాండులో స్థాపితమైన హాపిమాగ్ సంస్థ తన వాటాదారులకు విడిది హక్కును పాయింట్ల రూపంలో ఇచ్చే మార్గం పట్టింది. అమెరికాలో డిస్నీ సంస్థ 1991లో తన విడిది క్లబ్బును మొదటినుండీ పాయింట్ల మీదనే నడిపింది. అంతవరకు వారాలు అమ్ముతూ వచ్చిన మారియట్ 2010లో పాయింట్ల వైపు తిరిగింది. భారతదేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లోను, మహీంద్రా హాలిడేస్ 1996లోను ఏర్పడ్డాయి. మహీంద్రా వారి ప్రసిద్ధమైన పథకం 25 సంవత్సరాలకు, ఏటా ఏడు రాత్రులు. ఋతువులకు రంగుల పేర్లు పెట్టి, ఏ రంగు కొన్నవారు ఏ రోజుల్లో వెళ్ళవచ్చో నిర్ణయించారు. ఇది శుద్ధమైన వారం పద్ధతికి, పాయింట్ల పద్ధతికి నడుమ నిలిచే ఏర్పాటు.

పాయింట్ల పద్ధతి లోపల ఏముంటుంది

ఒక కంపెనీకి నూరు గదులు ఉన్నాయనుకుందాం. ఏడాదికి 365 రాత్రులు గనుక మొత్తం 36,500 గది-రాత్రులు. ప్రతి గది-రాత్రికి ఒక పాయింట్ల విలువ కడతారు. చిన్న గది, మంగళవారం, అన్‌సీజన్ అయితే 10. పెద్ద ఇల్లు, దసరా సెలవుల్లో శనివారం అయితే 45. సగటున 20 పడితే మొత్తం 7,30,000 పాయింట్లు అవుతాయి. కంపెనీ నిజాయితీగా అమ్మగలిగింది ఈ 7,30,000 మాత్రమే. అంతకు మించి ఒక్కటి అమ్మినా లేని గదిని అమ్మినట్టే.

ఇందులో నుండే ఈ పద్ధతికి మూలమైన ప్రశ్న పుడుతుంది: రేట్ల పట్టికను ఎవరు మారుస్తారు, ఎలా మారుస్తారు?

డిస్నీ క్లబ్బులో సభ్యుడు కొనేది ఒక నిర్దిష్టమైన విడిదిలో స్థిరాస్తి వాటా. దానికి రిజిస్టరైన దస్తావేజు, ముగింపు తేదీ ఉంటాయి. మొట్టమొదటి విడిదికి సంబంధించిన హక్కులు 2042 జనవరితో ముగిసేలా రాశారు. ఆ విడిది మొత్తం పాయింట్లు పత్రాల్లో ప్రకటితమై ఉంటాయి. ఒక రాత్రి విలువ పెంచితే మరొక రాత్రిది అంతమేరకు తగ్గించాలి, మొత్తం మారకూడదు. ఇది గట్టి కట్టు. అయినా ఈ కట్టులోనూ సందులున్నాయి. రెండు పడకగదుల ఇంటిని తలుపు వేసి ఒక చిన్న గది, ఒక పెద్ద గదిగా విడదీసి ఇచ్చినప్పుడు, విడివిడి విలువల మొత్తం కలిపి ఇచ్చిన విలువ కంటే ఎక్కువ ఉంటుంది. 2020 సంవత్సరానికి విడుదల చేసిన పట్టికపై సభ్యులు ఇలాంటి లెక్కలు వేసి అభ్యంతరం చెప్పగా, సంస్థ 2019 ఆరంభంలో ఆ పట్టికను వెనక్కి తీసుకుంది. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్న సభ్యులు పెద్ద సంస్థ చేత పట్టికను మార్పించారన్నమాట. మొత్తం ఎంతో ముందే ప్రకటితమై ఉండడం వల్లనే అది సాధ్యమైంది.

అటువంటి ప్రకటన లేని పథకాల్లో సభ్యుడి చేతిలో ఏమీ ఉండదు. ఈరోజు 200 పాయింట్లకు ఏడు రాత్రులు వస్తాయి. ఐదేళ్ళ తరువాత కంపెనీ పట్టికను సవరిస్తే అవే 200 పాయింట్లకు ఐదు రాత్రులు వస్తాయి. సభ్యుడి ఖాతాలో అంకె చెక్కుచెదరలేదు, కాని కొలత కుంచం చిన్నదయింది. రూపాయి విలువ తగ్గడం వంటిదే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ నాణెం ముద్రించేవాడూ సరుకు అమ్మేవాడూ ఒక్కడే.

మిగిలిన నిబంధనలు వాడుకకు సంబంధించినవి. ఈ ఏడాది వాడని పాయింట్లను వచ్చే ఏడాదికి దాచుకోవడం, వచ్చే ఏడాది పాయింట్లను ముందే తీసుకోవడం చాలా పథకాల్లో ఉంటుంది. గడువు లోపల దాచకపోయినా, దాచినవి మరుసటి ఏడాదిలో వాడకపోయినా అవి రద్దవుతాయి. రద్దయిన పాయింటు వెనుక ఉన్న గది మాత్రం రద్దు కాదు. ఖాళీగా ఉన్న ఆ గదిని బయటి వారికి అద్దెకు ఇవ్వవచ్చు. బుకింగు గడువులు మరొకటి. డిస్నీ సభ్యులు తమ సొంత విడిదిలో 11 నెలల ముందు, సంస్థ ఇతర విడుదుల్లో 7 నెలల ముందు గది పట్టుకోవచ్చు. ఇటువంటి గడువులు తెలిసిన సభ్యుడికి సంక్రాంతికి గోవాలో గది దొరుకుతుంది, తెలియనివాడికి దొరకదు. 'ఎప్పుడు అడిగినా ఖాళీ లేదంటారు' అనే సాధారణ ఫిర్యాదులో కొంతభాగం దగాకు సంబంధించింది, కొంతభాగం ఈ గడువులకు సంబంధించింది. రెంటినీ కలపకూడదు.

ఖర్చు లెక్క

ప్రవేశ రుసుము మీదనే అందరి దృష్టీ ఉంటుంది. అసలు భారం వార్షిక రుసుములో ఉంది. కేవలం ఉదాహరణకు ఒక పథకం ఊహించుకుందాం: ప్రవేశానికి 4 లక్షల రూపాయలు, గడువు 25 ఏళ్ళు, ఏటా ఏడు రాత్రులకు సరిపడా పాయింట్లు, మొదటి ఏడు వార్షిక రుసుము 20,000 రూపాయలు, ఏటా నూటికి ఆరు చొప్పున పెరుగుదల. ఇరవై ఐదవ ఏట రుసుము దాదాపు 81,000 అవుతుంది. 25 ఏళ్ళ రుసుములన్నీ కలిపితే 10 లక్షల 97 వేలు. ప్రవేశ రుసుముకు ఇది రెండు ముప్పావు రెట్లు. మొత్తం వ్యయం 14 లక్షల 97 వేలు. 175 రాత్రులకు పంచితే రాత్రికి 8,556 రూపాయలు.

న్యాయంగా చూస్తే రెండవ వైపు కూడా లెక్కించాలి. ఇంచుమించు అటువంటి గదే బయట ఈరోజు 5,000కు దొరుకుతోందని, ఆ అద్దె కూడా ఏటా ఆరు శాతమే పెరుగుతుందని అనుకుంటే, ఏటా ఏడు రాత్రుల చొప్పున 25 ఏళ్ళకు 19 లక్షల 20 వేలు అవుతుంది. అనగా ఒక్క రాత్రీ వదలకుండా వాడుకున్న కుటుంబానికి సభ్యత్వమే చౌక. అమ్మకందార్లు చూపేది ఈ లెక్కనే, అందులో అబద్ధం లేదు. కాని ఏటా సగటున ఐదు రాత్రులే వాడుకున్న కుటుంబానికి బయటి అద్దె 13 లక్షల 72 వేలే అయ్యేది. వారు కట్టింది మాత్రం 14 లక్షల 97 వేలు. ఏడింట నాలుగు రాత్రులే వాడితే ఒక్కొక్క రాత్రి దాదాపు 15,000 పడినట్టు. ఈ లెక్కలో ప్రయాణ ఖర్చులు, పన్నులు చేర్చలేదు. మొదటిరోజే చేజారిన 4 లక్షలతో ఈ పాతికేళ్ళలో చేయగలిగిన వ్యాపారమూ చేర్చలేదు.

ఇరవై ఐదేళ్ళు తప్పకుండా ఏటా వారం రోజులు విహారానికి వెళ్ళే కుటుంబాలు ఎన్ని? పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ముసలితనం, జబ్బులు అన్నీ ఆ పాతికేళ్ళలోనే వస్తాయి. వెళ్ళని ఏడు కూడా రుసుము కట్టాలి. కట్టకపోతే పాయింట్లు స్తంభిస్తాయి. కొన్ని ఒప్పందాల్లో సభ్యత్వమే రద్దవుతుంది, ప్రవేశ రుసుము తిరిగి రాదు. అమ్ముకుందామంటే కొనేవారు అరుదు. అమెరికాలో లక్షలు పోసి కొన్న కాలవాటాలను ఒక డాలరుకు అమ్మకానికి పెట్టడం మామూలయింది. ఏటేటా రుసుము బాధ్యత నుండి తప్పించుకోవడమే వారికి లాభం.

ధర్మశాస్త్ర దృష్టి

ఫిఖహ్‌లో ఈ విషయానికి ఆధారం దొరకదనుకోవడం పొరపాటు. ఒక వస్తువు ఇద్దరికి ఉమ్మడిగా ఉండి, దానిని ముక్కలు చేయడం వీలు కానప్పుడు, దాని ప్రయోజనాన్ని వంతుల వారీగా పంచుకోవడాన్ని ఫుఖహా ముహాయఆ అన్నారు. ఆరవ హిజ్రీ శతాబ్దికి చెందిన మర్గీనానీ తన హిదాయా గ్రంథంలో విభజన అధ్యాయం చివర దీనికి ప్రత్యేక భాగం కేటాయించాడు. ఉస్మానియా ప్రభుత్వం 1869-76 మధ్య క్రోడీకరించిన మజల్లా 1174వ అధికరణం నుండి దీనినే వివరిస్తుంది. ముహాయఆ కాలాన్ని బట్టి ఒకటి, స్థలాన్ని బట్టి ఒకటి అని రెండు విధాలంటుంది. సాలిహ్ (అ) ప్రవక్త ఒంటెకు ఒకరోజు, జాతివారికి ఒకరోజు నీటి వంతు నిర్ణయమైన ఖుర్ఆన్ ఉదంతాన్ని (అష్షుఅరా సూరా) పండితులు ఇందుకు ఆధారంగా చూపారు. చెరువు కింద రైతులు వంతు నీరు పారించుకునే మన పల్లెల ఆచారం కూడా ఇదే కోవకు చెందింది. ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసినంత కాలం తగవు రాదు.

పాత పద్ధతి కాలవాటా, అనగా నిర్ణీతమైన గది నిర్ణీతమైన వారం, ఈ ముహాయఆకు చాలా దగ్గర. 2007 జులైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ తన 18వ సభలో ఇదే విషయాన్ని చర్చించింది. వస్తువులో ఉమ్మడి వాటాగాని, దాని ప్రయోజనాన్ని మాత్రమే గాని నిర్ణీత కాలాలకు క్రయం ద్వారా లేదా ఇజారా ద్వారా పొందడం సమ్మతమేనని, క్రయ, ఇజారా షరతులన్నీ నెరవేరాలని తీర్మానించింది. వాటాదారులు తమ వంతులను నేరుగా గాని, మార్పిడి సంస్థల ద్వారా గాని మార్చుకోవడాన్ని కూడా అనుమతించింది.

తీర్మానంలో నిర్వహణకు సంబంధించిన భాగం ప్రత్యేకంగా గమనించదగినది. సభ్యుడు కేవలం అద్దెదారు అయితే, గది నివాసయోగ్యంగా నిలవడానికి కావలసిన మౌలికమైన మరమ్మతులు యజమాని భారం. రోజువారీ నడుపుదల ఖర్చులను మాత్రం అద్దెదారుపై షరతుగా పెట్టవచ్చు. సభ్యులు వస్తువులో వాటాదారులైతే ఉమ్మడి ఖర్చులు వారే భరిస్తారు. దీనిని ఇక్కడి పథకాలకు అన్వయిస్తే సూటి ప్రశ్న వస్తుంది: భూమి, కట్టడం కంపెనీ సొత్తే అయినప్పుడు పైకప్పు మార్చిన ఖర్చు, కొత్త లిఫ్టు ఖర్చు వార్షిక రుసుములో కలుస్తున్నాయా? రుసుము దేనికి పోతుందో విడివిడిగా చూపని ఒప్పందంలో దీనికి జవాబు దొరకదు.

ఇక పాయింట్లు. ఇజారా చెల్లడానికి మూడు విషయాలు తెలిసి ఉండాలి: ప్రయోజనం ఏది, ఎంతకాలం, ప్రతిఫలం ఎంత. గది కళ్ళెదుట ఉండనక్కరలేదు. ఫలానా కొలతల గది, ఫలానా సౌకర్యాలతో, ఫలానా చోట అని వర్ణించి బాధ్యత తీసుకునే ఇజారాను కూడా పండితులు అంగీకరించారు. పాయింట్ల ఒప్పందంలో వర్ణన ఒప్పందం నాడు ఉన్నదే, కాని అది పట్టికలో ఉంది. పట్టికను మార్చే అధికారం ఒక పక్షం చేతిలో ఉంది. మొత్తం పాయింట్లు నిర్ణీతమై, ఒకచోట పెంచితే మరొకచోట తగ్గించక తప్పని ఏర్పాటును వంతుల సర్దుబాటుగా భావించవచ్చు, ముహాయఆ స్వభావం అందులో చెడదు. అటువంటి హద్దు లేనిచోట సభ్యుడు కొన్న ప్రయోజనం పరిమాణం ఎన్నడూ నిర్ణయం కానట్టే. ఇది గరర్.

కొంత అనిశ్చితిని షరీఅత్ సహించిందనే వాదం వినవస్తుంది. నిజమే. ఒక్కొక్కరు ఎంత నీరు వాడతారో, ఎంతసేపు ఉంటారో తెలియకపోయినా హమామ్ రుసుమును ఫుఖహా చెల్లుబాటుగా ఎంచారు. కాని హమామ్‌లో పోయేది నాలుగు నాణేలు, అదీ ఒక పూటకు. నచ్చకపోతే మరునాడు మరో హమామ్‌కు వెళతారు. పాతికేళ్ళ ఒప్పందాన్ని, లక్షల ధనాన్ని, రద్దు చేసుకునే దారి లేని సభ్యత్వాన్ని హమామ్‌తో పోల్చడం సరికాదు. వార్షిక రుసుము ఎంత పెరుగుతుందో ఏ సూత్రమూ చెప్పకపోతే ప్రతిఫలం కూడా తెలియనిదే అవుతుంది. అప్పుడు ఒకే ఒప్పందంలో రెండువైపులా అజ్ఞానం చేరుతుంది. ప్రకటితమైన ధరల సూచికకో, స్థిరమైన శాతానికో రుసుమును ముడివేసిన పథకంలో ఈ దోషం చాలావరకు తొలగుతుంది.

వాయిదాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ధర పెంచి వాయిదాలపై అమ్మడం వేరు, అమ్మిన ధరకు వడ్డీ వేయడం వేరు. ఒప్పందంలో వడ్డీ శాతం విడిగా రాసి ఉంటే, ఆలస్యానికి మళ్ళీ వడ్డీ ఉంటే, విడిది ఎంత పవిత్రమైన ఊళ్ళో ఉన్నా వడ్డీ వడ్డీయే.

విడిది పేరిట వడ్డీ

విడిది హక్కు ముసుగులో ధనాన్ని సేకరించే మరో దారి భారతదేశంలో బయటపడింది. ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ అనే సంస్థ కొన్నేళ్ళకు గది-రాత్రులు అమ్మేది. వాడుకోని సభ్యుడికి గడువు ముగిశాక పెట్టిన దానికంటే పెద్ద మొత్తం వస్తుందన్న ఆశ చూపేది. 2014లో సెబీ మధ్యంతర ఉత్తర్వు, 2016లో తుది ఉత్తర్వు ఇచ్చి, ఇది నమోదు లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చింది. సేకరించిన ధనం దాదాపు 7,000 కోట్ల రూపాయలు, పెట్టినవారు 50 లక్షలకు పైగా. వారిలో చిన్న సంపాదనాపరులెందరో. వాడుకోవడానికి కాక, వాడకుండా ఉండటానికి కొన్న గది అది. డబ్బు ఇచ్చి కొంతకాలానికి ఎక్కువ డబ్బు పుచ్చుకోవడాన్ని గది అనే మాట మార్చలేదు. విడిది సభ్యత్వం తన ముందుకు వచ్చినప్పుడు ముస్లిం అయినా కాకపోయినా మొదట అడగవలసింది ఇదే: చివర నాకు డబ్బు తిరిగి వస్తుందని చెబుతున్నారా? అవునంటే అది విడిది వ్యాపారం కాదు.

దీనికి భిన్నంగా మక్కాలో ఒక ఏర్పాటు ఉంది. హరమ్ ఎదుట నిలిచిన అబ్రాజ్ అల్‌బైత్ సముదాయం రాజు అబ్దుల్ అజీజ్ వక్ఫ్ భూమిలో కట్టినది. కట్టిన బిన్‌లాదిన్ సంస్థకు ఆ స్థలం 28 ఏళ్ళ కౌలు. అందులో జమ్‌జమ్ టవరును కువైట్‌కు చెందిన మున్షఆత్ సంస్థ 24 ఏళ్ళకు కౌలుకు తీసుకుని, దాని ప్రయోజనాన్ని సుకూక్ అల్‌ఇంతిఫా పేరుతో వారాల వాటాలుగా అమ్మింది. ఆ సుకూక్ విలువ 39 కోట్ల డాలర్లు. పత్రం ఉన్నవాడు తన వారంలో తాను ఉండవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు, మరొకరికి అమ్మవచ్చు. తిరిగి ఇంత ధనం వస్తుందన్న హామీ అందులో లేదు. కొన్నది నివాస ప్రయోజనం మాత్రమే. రమజాన్ చివరి పది రాత్రులకు, హజ్ రోజులకు గిరాకీ ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. వక్ఫ్ ఇంటిని ఏడాదికి, పొలాన్ని మూడేళ్ళకు మించి కౌలుకు ఇవ్వరాదని తరువాతి కాలపు హనఫీ పండితులు జాగ్రత్త చెప్పారు. వక్ఫ్ మేలు కోరినప్పుడు మినహాయింపునూ ఇచ్చారు. మన నగరాల్లో వక్ఫ్ ఆస్తులు దీర్ఘకాలపు కౌళ్ళలో ఏమయ్యాయో చూసినవారికి ఆ జాగ్రత్త ఎందుకో బోధపడుతుంది.

వెనక్కి తగ్గే హక్కు

చూడని వస్తువును కొన్నవాడికి దానిని చూసినప్పుడు వద్దనే హక్కు ఉందని హనఫీలు చెప్పారు; దీనిని ఖియారె రూయత్ అంటారు. షరతు పెట్టుకుని కొన్ని రోజుల్లో వెనక్కి తగ్గే ఖియారె షర్త్ మరొకటి. దీనికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మూడు రోజుల హద్దు పెట్టగా, ఆయన ఇద్దరు శిష్యులు ఒప్పుకున్నంత గడువు చెల్లుతుందన్నారు. బేరాల్లో తరచు మోసపోయే హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ (రజి) అనే సహచరుడికి మూడు రోజుల గడువు కల్పించిన హదీసు ఈ చర్చకు మూలం. చిత్రాలు చూసి, పగలంతా మాటలు విని, అలసి సంతకం చేసేవారికి ఈ హక్కు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఐరోపా సమాజం 1994లోనే కాలవాటాలపై ఆదేశం తెచ్చింది. 2008 నాటి ఆదేశం ప్రకారం కొనుగోలుదారుకు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి 14 రోజులు ఉంటాయి; ఆ 14 రోజుల్లో అమ్మకందారు ఒక్క యూరో కూడా తీసుకోరాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 10 రోజులు ఇచ్చింది. స్పెయిన్ 1998 చట్టంలో కాలవాటాకు గరిష్ఠంగా 50 ఏళ్ళ హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిన ఒప్పందం చెల్లదని అక్కడి సుప్రీం కోర్టు 2015లో తీర్పునిచ్చింది. భారతదేశంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని కంపెనీలు తామే పది రోజుల వంటి గడువు ఇస్తాయి. అది ఒప్పందంలో రాసి ఉంటేనే ఉన్నట్టు, అమ్మకందారు నోటిమాట చాలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఒకవైపు మొగ్గిన ఒప్పందాలను అన్యాయ ఒప్పందాలుగా నిర్వచించి, వాటిపై ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. సేవాలోపం ఫిర్యాదులు మాత్రం జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు.

సభ్యుడు మరణించాక

ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు ఎవరూ అడగని విషయం ఇది. ఒప్పంద పక్షాలలో ఒకరు మరణిస్తే ఇజారా ముగుస్తుందని హనఫీలు అంటారు. వారి దృష్టిలో ప్రయోజనం దానంతట అది ఆస్తి కాదు, వారసత్వంగా పోదు. షాఫిఈ, మాలికీ, హంబలీ పండితులు ప్రయోజనాన్ని ఆస్తిగానే ఎంచి, గడువు ముగిసేవరకు ఇజారా వారసులతో కొనసాగుతుందంటారు. తెలుగు ప్రాంతాల ముస్లింలు అత్యధికులు హనఫీలే గనుక ఈ భేదం ఇక్కడ పుస్తకాలకే పరిమితం కాదు. కొన్నది వస్తువులో వాటా అయితే ఈ భేదం రాదు, అది వారసులకు వారి వంతుల ప్రకారం చేరుతుంది.

సాధారణంగా ఒప్పందాల్లో నామినీ పేరు రాయిస్తారు. నామినీ అంటే వారసుడు కాదు. కంపెనీ వాటాల నామినీ వాటికి పూర్తి యజమాని కాడని, వారసత్వ చట్టం ప్రకారం హక్కుదారులు వేరే ఉండవచ్చునని భారత సుప్రీం కోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. పెద్దకొడుకు పేరు నామినీగా రాసినంత మాత్రాన కూతుళ్ళ భాగం పోదు. బకాయి పడిన రుసుముల విషయంలో షరీఅత్ నియమం సుస్పష్టం: మృతుని అప్పు అతడు విడిచిన ఆస్తి నుండి తీరాలి, ఆస్తి చాలకపోతే వారసులు తమ సొంత సొమ్ముతో కట్టాలన్న నిర్బంధం లేదు. అయితే తండ్రి సభ్యత్వాన్ని వారసులు తమ పేరుకు మార్పించుకున్నట్లయితే, ఆ రోజు నుండి రుసుము వారి సొంత ఒప్పందం కిందికి వస్తుంది. అందువల్ల పేరు మార్పు దరఖాస్తుపై సంతకం చేయకముందే ఎన్ని ఏళ్ళు మిగిలాయో, బకాయి ఎంతో, ఖాతాలో నిలిచిన పాయింట్లు ఎన్నో కంపెనీ నుండి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.